పొలిమేరల జనము

జనాభా లెక్కలు మరల రానున్నవి. 1881 మొదలు పదేండ్లకొకమారు తప్పక జరిగిన ఈ పని, ప్రపంచయుద్ధము నడుమ 1941 లో సైతము ఆగని ఈ పని, 2021 లో మహమ్మారి పేర ఆగినది. ఆగి, వాయిదాపై వాయిదా పడి, తుదకు 2025 జూన్ 16 నాటి ప్రకటనచే 2027 మార్చి 1 ప్రమాణదినముగా నిర్ణయింపబడినది. అనగా 2011 తరువాత పదునారేండ్ల యెడము. బిడ్డ పుట్టి, నడక నేర్చి, బడికిపోయి, పదవతరగతి ముగించునంతకాలము ప్రభుత్వము తన ప్రజలను లెక్కింపకయే పాలించినదన్నమాట.

ఈ యెడము దేశమంతటికిని కలదు గదా, నెల్లూరు తీరమునకు వేరుగా వచ్చిన కీడేమని పాఠకులడుగవచ్చును. కలదు. ఇచ్చట పెరిగిన జనము నడిపట్టణమున పెరుగలేదు, పాతపల్లె నడివీథిని పెరుగలేదు. రెంటికిని నడుమ, పొలము గట్టున, కాలువ యొడ్డున, రేవుదారి ప్రక్కన, చవిటిభూమిలో పెరిగినది. ఆ చోట్లకు పాత దస్తావేజులలో సర్వే నెంబరులేగాని ఊరిపేరు లేదు. అట్టిచోట నివసించువాడు పట్టణవాసియా, గ్రామవాసియా యనుప్రశ్నకు సమాధానము దొరకునంతవరకు వానికి కుళాయి లేదు, మురుగుకాలువ లేదు, దీపము లేదు, చచ్చిన పూడ్చుటకు ఆరడుగుల నేలయు లేదు.

జనసంఖ్య పెరుగుచున్నదనగానే మన శాసనకర్తలకు ఊయలలు కనుపించును. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టములో, ఇద్దరికంటె నెక్కువ బిడ్డలున్నవాడు పంచాయతీకి పోటీచేయరాదని నిషేధము పెట్టిరి. ముప్పదియేండ్లు దానిని అమలుజరిపి 2024 నవంబరులో తొలగించిరి. అదే యేట ముఖ్యమంత్రిగారు ఎక్కువమంది బిడ్డలను కనుడని ప్రజలకు హితవు చెప్పిరి. నిన్న కనరాదని చట్టము, నేడు కనుడని హితవు! 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన రాష్ట్రమున స్త్రీకి సగటున 1.7 బిడ్డలు మాత్రమే. ఒకతరము తన స్థానమును నిలుపుకొనుటకే 2.1 కావలయునని జనసంఖ్యా శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున నెల్లూరు పొలిమేరలలో నేడు కనుపించు జనము ఊయలలనుండి దిగిన జనము కాదు. బస్సులు దిగిన జనము, రైళ్లు దిగిన జనము.

1901 నాటి లెక్కలలో నెల్లూరు పట్టణ జనసంఖ్య ఇంచుమించు 32 వేలు. 2011 నాటికి దాదాపు 5 లక్షలు. ఆ 2011 కు ముందు పదేండ్లలో జిల్లా మొత్తపు జనము 26.68 లక్షలనుండి 29.63 లక్షలకు, అనగా నూటికి పదునొకండు వంతున మాత్రమే పెరిగినది. జిల్లా నెమ్మదిగా పెరుగుచుండగా పట్టణము త్వరితముగా పెరిగిన దనిన, జనము ఒకచోటు విడిచి వేరొకచోటికి చేరుచున్నదనుటయే. ఉదయగిరి, సీతారామపురము వైపు మెట్టలలో వాన తప్పినయేడు ఒక కుటుంబము తాళమువేసి దిగివచ్చును. మరుసటియేడు వాన కురిసినను ఆ తాళము తీయువారుండరు. పిల్లల చదువు, ముసలివారి వైద్యము, రోజుకూలి, ఈ మూడును నెల్లూరే. అయినను ఊరినడుమ అద్దె కట్టలేరు. అందుచే పొలిమేర.

1866 లో మునిసిపాలిటీగా నేర్పడిన ఊరు 2004 లో కార్పొరేషనయ్యెను. నిన్నటి పల్లెలైన బుజబుజనెల్లూరు, కల్లూరుపల్లి, అల్లీపురము, నారాయణరెడ్డిపేట నేడు నగరపు పేటలు. పొలిమేర అంతటితో నిలువలేదు. మైపాడు దారిని ఇందుకూరుపేట వైపునకు, ముత్తుకూరు దారిని రేవు వైపునకు, పెన్న దాటి పడుగుపాడు, కోవూరు వైపునకు అది జరుగుచునే యున్నది. న్యాయస్థానములలో గట్టు తగవులు చూచిన మావంటివారికి పొలిమేర యనిన పాతిన రాయి. ఇచ్చట మాత్రము రాయికి కాళ్లు వచ్చినవి.

ఈ రాళ్ల సంగతి కొంత చెప్పవలయును. నెల్లూరు ప్రాంతమున ఇంటిస్థలమును అంకణములలో కొలుచుట పరిపాటి. అంకణమునకు 72 చదరపుటడుగులు. ఎకరమునకు సరిగా 605 అంకణములు. వ్యాపారి ఎకరములలో కొనును, అంకణములలో అమ్మును. రెండు కొలతల నడుమనున్నదే వాని లాభము. పంటకాలువ క్రింది మాగాణి ఒకయేడు బీడు పెట్టబడును. మరుసటియేడు గ్రావెలు తోలి, తెల్లరాళ్లు పాతి, ముంగిట తోరణము కట్టి, దానికేదో దేవుని పేరో, తోట పేరో పెట్టుదురు. ఆ తోటలో చెట్టుండదు. పటములో ముప్పదిమూడడుగుల రోడ్డు, పార్కు, నీటిట్యాంకు అన్నియు రంగులలో నుండును. లేఅవుటు వేయువాడు విస్తీర్ణములో నూటికి పది వంతులు ఖాళీస్థలముగా విడిచి స్థానిక సంస్థకు దఖలుపరుపవలయునని నిబంధన. విడిచినదెంత, దఖలైనదెంత, దఖలైన పిదప ఆక్రమణకు లోనుకాక మిగిలినదెంత యను మూడు ప్రశ్నలను మన పాఠకులు తమ తమ పంచాయతీ కార్యాలయములలో వ్రాతమూలముగా నడిగి చూడవలయునని మా మనవి. సమాచారహక్కు చట్టము 2005 నుండి మన చేతిలోనే యున్నది.

కాలువల మాట యింకను విషాదకరము. 1855 లో పెన్నకు ఆనకట్ట కట్టిననాటినుండి ఈ డెల్టాకు అన్నముపెట్టినవి దాని కాలువలే. సర్వేపల్లి కాలువ, జాఫరుసాహెబు కాలువ పట్టణము మీదుగా ప్రవహించి తూర్పు పొలములకు పోవును. పట్టణపు మురుగునకు వేరుదారి లేకపోవుటచే అవియే దారియైనవి. ఎగువనున్నవాడు ఇల్లుకట్టి మురుగు వదలును, దిగువ రైతు ఆ నీటినే మడికి కట్టును. పొలిమేర కాపురమువలన కలుగు చిక్కుల నన్నిటిని ఒక్కచోట చూడగోరువారు ఏ వేసవిలోనైనను ఆ కాలువగట్టున నొకగంట నడచిన చాలును.

ఇంగ్లండులో ఎబినీజర్ హవార్డు అను నాయన, కోర్టులో షార్టుహాండు వ్రాతగాడు, 1898 లో నొక గ్రంథము వ్రాసి ఉద్యాననగరములను ప్రతిపాదించెను. లండను ఊరక ఉబ్బుటకంటె, ఆరువేల యెకరములు ముందుగా కొని, నడుమ వేయియెకరములలో ఊరుకట్టి, చుట్టును సేద్యభూమిని శాశ్వతముగా విడిచిపెట్టవలయునని ఆయన యోజన. ఆ యూరిలో ఎందరుండవలయును? సేద్యభూమి జనముతో గలిసి 32 వేలమంది. అనగా 1901 నాటి మన నెల్లూరంత! 1903 లో లెచ్‌వర్తున ఆ యోజన ఆచరణలో మొదలయ్యెను. అందులో మనము గమనింపవలసినది తోటలను కాదు, లెక్కను. జనము చేరుటవలన భూమి వెల పెరుగును. ఆ వెలను పెంచినవాడు భూస్వామి కాదు, చేరిన జనమే. కావున ఆ పెంపు ఆ జనమునకే, వారి నీటికి, బడికి, బాటకు చెందవలయునని హవార్డు వాదము. మన పొలిమేరలలో జరుగుచున్నది దీనికి సరిగా తలక్రిందులు. జనము చేరును, వెల పెరుగును, పెంపు దళారిచేతికి పోవును, నీరు పంచాయతీనెత్తిన పడును. మనకు 1920 నుండియు పట్టణప్రణాళికా చట్టము కలదు. ప్రణాళిక కంటె ముందే ప్లాటు అమ్ముడుపోవుచున్నది.

ఇది పట్టణపు పొలిమేర. రేవు పొలిమేర వేరు. 2008 లో కృష్ణపట్టణమున పెద్దరేవు పనిచేయ నారంభించెను. నేలటూరున రాష్ట్రప్రభుత్వపు విద్యుత్కేంద్రము, పైనాపురము, తమ్మినపట్టణముల కడ ఇతర కేంద్రములు, పంటపాళెమున నూనెశుద్ధి కర్మాగారములు నొకదానివెంట నొకటి లేచినవి. పొగగొట్టముల క్రింద ముత్తుకూరు, చిల్లకూరు మండలములలో నేడు వినవచ్చు భాషల నెన్నిచూచిన రేవు సంగతి తెలియును: ఒడియా, హిందీ, భోజపురి, బెంగాలీ. రేకులషెడ్డులో నొకగదికి పదిమంది. ఒకరు పనికిపోవ నొకరు పండుకొందురు. మంచము చల్లారదు. వీరికి రేషనుకార్డు వేరొకచోట, ఓటు వేరొకచోట, భార్యాబిడ్డలు వేరొకచోట. ఇచ్చటనున్నది కండ మాత్రమే. పల్లెవారికి వీరియెడ కొంత జంకు, కొంత చిరాకు. గదులు అద్దెకిచ్చువారికి మాత్రము చిరునవ్వు. వీరి తాతలవలెనే మన తాతలును రంగోనుకు కూలికై ఓడలెక్కిరి. అచ్చట వారికి పెట్టిన పేర్లు, జరిగిన అవమానములు మనవారు మరువరాదు.

ఇచ్చటనే లెక్కల సంగతి కీలకమగుచున్నది. స్థానికసంస్థలకు కేంద్రమునుండి వచ్చు గ్రాంటులను 15 వ ఆర్థికసంఘము 2021-26 కాలమునకు రాష్ట్రములకు పంచినప్పుడు, జనసంఖ్యకు నూటికి తొంబది వంతులు, విస్తీర్ణమునకు పది వంతులు ప్రాధాన్య మిచ్చెను. ఏ జనసంఖ్య? 2011 నాటిది. అప్పటికి రేవు వచ్చి మూడేండ్లు. నేలటూరు కేంద్రము వాణిజ్యపరముగా పనిచేయ నారంభించినది 2015 లో. ఈ పనులకై వచ్చిన జనములో పెద్దభాగము 2011 కాగితములలో లేదు. లేనివానికి నీరెవరు పంపుదురు?

పట్టణమని దేని ననవలయునో జనగణనశాఖకు సూత్రము కలదు. జనము 5,000 కు తక్కువ కాకుండుట, పనిచేయు పురుషులలో నూటికి డెబ్బదియైదుగురు సేద్యము కాని వృత్తులలో నుండుట, చదరపు కిలోమీటరునకు కనీసము నన్నూరు మంది నివసించుట, ఈ మూడును కలిగిన పంచాయతీని వారు గణనపట్టణ మందురు. 2001 లో దేశమున ఇట్టివి 1,362. 2011 లో 3,894. అవిభక్త ఆంధ్రప్రదేశములో 93 నుండి 228 కి పెరిగినవి. వినుట కింపుగానే యున్నది. గణనపట్టణమనిపించుకొన్నంతమాత్రాన ఆ యూరికి కౌన్సిలు రాదు, పారిశుధ్య సిబ్బంది రాదు, మురుగుకాలువ రాదు. లెక్కలపుస్తకములో పట్టణము, పాలనలో పల్లె. కోర్టుభాషలో చెప్పవలెనన్న, డిక్రీ వచ్చినది, అమలు లేదు.

నీటిగూర్చి ప్రత్యేకముగా చెప్పక తప్పదు. ఈ తీరమున ఇసుకదిబ్బలలో వాననీరు నిలిచి, ఉప్పునీటిపైన తేలియుండును. మన పూర్వులు అందుకొరకే లోతుబావులు త్రవ్వక నిస్సారముగా దొరువులు తీసి, చేదతో తోడుకొని, కూరమడులు పెంచిరి. దొరువు మనిషి బలమును మించి తోడనీయదు. అందుచే తీపినీరు మిగిలినది. తరువాత బోరు వచ్చినది. రొయ్యలచెరువు వచ్చినది. తొంబదులలో ఆ చెరువుల పిచ్చి తీరమంతయు వ్యాపించి, 1994-95 లో తెల్లమచ్చల తెగులుతో కూలినది. 1996 డిసెంబరు 11 న సర్వోన్నతన్యాయస్థానము ఇచ్చిన ప్రసిద్ధమైన తీర్పులో మన జిల్లా కుర్రు గ్రామపు ప్రస్తావన కలదు. రొయ్యలచెరువులవలన అచ్చటి జాలరులకు త్రాగునీరు లేకపోయెననియు, వారు ఆందోళన చేసిన పిమ్మట ట్యాంకరులతో నీరు పంపబడెననియు అందున్నది. ఆ ట్యాంకరే తరువాత పొలిమేర జీవితమునకు గురుతయ్యెను. 2009 లో వన్నామి రొయ్యకు అనుమతి వచ్చుటతో చెరువులు తిరిగి నిండినవి. విదేశద్రవ్యము వచ్చినమాట వాస్తవము. అనేకులకు జీవనము దొరకినమాటయు వాస్తవము, దానిని మేము కాదనము. కాని దొరువుల యూళ్లు సీసానీళ్ల యూళ్లగుటను అభివృద్ధియని పిలుచుటకు మాకు నోరు రాదు.

ఆ చెరువుగట్లపై కావలియుండు గుడిసెలలో నున్నవారెవరు? పెక్కుచోట్ల యానాదులు. పట్టణపు పొలిమేర కంటె, రేవు పొలిమేర కంటె పాతదైన పొలిమేర వీరిది. ఊరు ఎచ్చట ముగియునో అచ్చట వారి గుడిసె మొదలగుట తరతరముల యేర్పాటు. ఊరు పెరిగినప్పుడెల్ల మొదట కదలవలసినవారును వీరే. శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9 న తొలి రాకెట్టు లేచుటకు ముందు ఆ దీవినుండి లేచిపోయినది యానాది కుటుంబములు. నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు వీరి సేవలో జీవితము గడపి, 1962 లో వీరినిగూర్చి గ్రంథము ప్రకటించిరి. అంతటి సేవ జరిగిన జిల్లాలో నేటికిని పుట్టిన తేదీ కాగితము లేక, కులధ్రువీకరణము లేక, బడిలో పేరు నిలువక తిరుగు యానాది బిడ్డలుండుట మనకందరికిని తలవంపు. లెక్కవ్రాయువాడు వచ్చునాటికి గట్టుమీది గుడిసెలో మనుష్యులుందురో, వేరొక యజమాని చెరువునకు పోయియుందురో! ఊరిపెద్ద చెప్పిన సంఖ్యను వ్రాసికొని మరలిపోవుట ఉద్యోగికి సులభము. ఈ మారు అట్లు జరుగరాదు.

పేదలకిచ్చిన స్థలములమాటయు నిదే. 2020 డిసెంబరు 25 న మొదలైన పథకమున రాష్ట్రమంతటను 30 లక్షలకు పైగా ఇంటిపట్టాలు పంచిరి. పట్టణమున సెంటు, పల్లెలో సెంటున్నర. ఇల్లులేని స్త్రీపేర స్థలమిచ్చుట మంచిపని. అంతకు ముందరి ప్రభుత్వము కట్టదలచిన అంతస్తుల యిండ్లును మంచిపనియే. అయితే ఏ ప్రభుత్వమైనను పేదకు వెదకునది చౌకభూమి. చౌకభూమి యన్నది ఊరికి దూరముననో, నీటికి దగ్గరనో యుండును. ఏల చౌకయో ఆ యూరి ముసలివారి నడిగిన చెప్పుదురు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురము నీటమునిగినవి. పడుగుపాడు కడ రైలుకట్టపై నీరు పారి, మద్రాసు విజయవాడల నడుమ రైళ్లు నిలిచినవి. 2015 నవంబరులో మనుబోలు కడ జాతీయరహదారియే నీటిలో నుండెను. నది తన పాతదారిని మరువదు. పటములు వ్రాయువారే మరతురు. కోటిరూకల రహదారి తెగినను వారములో నతుకుదురు. నీరుదిగిన సెంటుగదిలో బురదయెత్తు ఆడుదానికి ఎవడు వచ్చి పార యందించును?

ఇక పాలన. ఈ పొలిమేరలకు యజమాని యెవరు? 2017 లో నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. దాని యధ్యక్షుని ప్రభుత్వము నియమించును, జనమెన్నుకొనరు. లేఅవుటు పటముపై ముద్ర ఆ సంస్థది, చెత్తయెత్తు బాధ్యత పంచాయతీది. పంచాయతీకైన నిలుకడ కలదా? 2018 ఆగస్టులో పాతపాలకవర్గముల గడువు తీరిన పిదప 2021 ఎన్నికలవరకు రెండున్నరేండ్లు ప్రత్యేకాధికారులే పాలించిరి. నెల్లూరు కార్పొరేషనుకు 2014 తరువాత ఎన్నిక జరిగినది 2021 నవంబరులో. స్వపరిపాలనమనునది అధికారులకు తీరిక దొరకినప్పుడు ప్రసాదించు వరము కాదు. 1993 లో అమలునకు వచ్చిన 73, 74 వ రాజ్యాంగ సవరణలు దానిని హక్కుగా చేసినవి.

ఆ 74 వ సవరణలోనే పొలిమేరకు తగిన మందు కలదు. పల్లెనుండి పట్టణముగా మారుచున్న ప్రాంతమునకు నగరపంచాయతీ నేర్పరుపవచ్చునని 243-క్యూ అధికరణము చెప్పుచున్నది. దానివెంటనే ఒక మినహాయింపును కలదు: పరిశ్రమయే పురపాలక సేవలు సమకూర్చుచోట ఆ ప్రాంతమును పారిశ్రామిక నివాసముగా ప్రకటించి, పురపాలకసంఘము లేకయే నడపవచ్చును. ఈ మినహాయింపును మన తీరప్రజలు కంటికి దగ్గరగా పెట్టుకొని చదువవలయును. ఏలయన, చెన్నై-బెంగుళూరు పారిశ్రామికమార్గములో భాగముగా కోట, చిల్లకూరు మండలములలో కృష్ణపట్టణ పారిశ్రామికనగరమునకు కేంద్రమంత్రివర్గము 2020 డిసెంబరులో ఆమోదమిచ్చినది. 2025 జనవరి 8 న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. 10,500 కోట్ల పెట్టుబడి, ఇంచుమించు లక్షమందికి ప్రత్యక్షముగను పరోక్షముగను పని యని ప్రభుత్వపు ప్రకటన. లక్షమందికి పని యనిన, వారి కుటుంబములతో లెక్కించిన, 1901 నాటి నెల్లూరులు ఎన్నో మరల పుట్టవలయును. వారెచ్చట పండుకొందురు? ఏ నీరు త్రాగుదురు? ఏ వార్డులో ఓటు వేయుదురు? కర్మాగారమునకు వేసిన పటములో గొట్టములకు, లారీలకు, తీగెలకు చోటున్నది. ఓటరునకు చోటున్నదా యని అడుగువాడు కావలయును. పన్ను వసూలు చేయు పారిశ్రామికాధికారసంస్థ ఒకవైపు, ఆ ప్రహరీ వెలుపల రేకులషెడ్డులకు చీపురుపట్టు పంచాయతీ వేరొకవైపు నుండునేని, ఎవరి బొక్కసము నిండునో, ఎవరి వీథి కుళ్లునో చెప్ప నక్కరలేదు.

పల్లెలను పట్టణముగా చేయుటకు పల్లెవారే ఒప్పుకొనరని కొందరందురు. నిజమే, ఒప్పుకొనరు; వారికి కారణములును కలవు. పట్టణములో చేరిననాడే ఇంటిపన్ను పెరుగును. గ్రామీణోపాధి హామీ పని పోవును. గ్రామసభలో లేచి సర్పంచిని నిలవేసిన రైతు, కార్పొరేషను కార్యాలయములో ఏ గదికి పోవలయునో తెలియక వరండాలో నిలువవలసివచ్చును. చేరిన మరునాడు పన్నునోటీసు వచ్చి, పదేండ్లకుగాని కుళాయి రానిచోట ఎవడు చేరునని వారడుగుటలో తప్పేమి? అందుచే మేము కోరునది గుడ్డిగా కలుపుట కాదు. నీటిగొట్టము ముందు, పన్ను వెనుక. విలీనమునకు ముందు ఆ యూరి గ్రామసభ యొప్పుదల. కలిపిన ఆరునెలలలో వార్డు ఎన్నిక. ఇవి మూడును చట్టమున వ్రాయవచ్చును. వ్రాయుటకు ధనము పెట్టవలసిన పనియు లేదు.

లెక్కలనాటికి చేయవలసినవి వేరు. 2027 ఫిబ్రవరిలో గణకుడు వచ్చునప్పటికి, ప్రతి పంచాయతీలోను పాతపల్లెతోపాటు కొత్తకాలనీలు, లేఅవుటులలో కట్టిన యిండ్లు, పట్టపుపాళెములు, యానాది గుడిసెలు, చెరువుగట్ల కావలిపాకలు, కంట్రాక్టరుల షెడ్డులు, ఇవన్నియు పేరుపేరున వ్రాసిన జాబితా తహశీలుదారుని బల్లపై నుండవలయును. పఠనమందిరములలో సాయంకాలము పత్రిక చదివి రాజకీయములు చర్చించు మిత్రులు ఇద్దరిద్దరుగా ఒక ఆదివారము తిరిగిన ఒక్కొక్క పంచాయతీ జాబితా తయారగును. రేవు షెడ్డులకు ఒడియా, హిందీ వచ్చిన గణకులను పంపుమని జిల్లాకలెక్టరుగారికి అర్జీ పెట్టవలయును. తెలుగురాని కూలివానిని తెలుగులో ప్రశ్నించి, వాని బదులు మేస్త్రి చెప్పినది వ్రాసికొనుట గణనము కాదు. రాత్రిపనివారిని పగలు, పగటిపనివారిని రాత్రి చూడవలయును. ఆ జాబితాలోనే వేరొక గడి గీసి, ఆ నివాసమునకు దగ్గరనున్న మంచినీటి తావు ఎంతదూరమో, శ్మశానము ఎచ్చటనో వ్రాయుడు. పరదేశపు కూలివాడు జ్వరముతో చచ్చినప్పుడు పాళెమువారు మా శ్మశానము కాదనియు, కార్పొరేషనువారు మా హద్దు కాదనియు అనుచుండగా ఆ శవము ఎవరి గుమ్మము ముందు ఆగవలయునో ముందుగానే తేల్చి, సర్వే నెంబరుతో ఆ జాబితాలో చేర్చుడు.